కొలిమి ములుకు, కొన్న ములుకు

"ఒక్కటి మూడు వందలు. నాలుగు కావాల్నంటే పన్నెండు వందలు. బొగ్గు పిరమైంది, ఇగ దీంట్ల బ్యారం లేదు," అన్నాడు కమ్మరి రామచంద్రం. కొలిమి పక్కన చిన్న కరెంటు ఫ్యాను బుస్సుమంటూ నిప్పుల మీదికి గాలి కొడుతోంది.

అనసూర్య బాణం ములుకును అరచేతిలో పెట్టుకుని చూసింది. లారీ కమాన్ పట్టీని కోసి, సాగగొట్టి, రెండు వైపులా పదును పెట్టిన ఇనుము. మారేడాకంత మొన, దాని వెనక వేలెడు పొడవున తోక. నల్లగా, మొరటుగా, బరువుగా ఉంది.

"కత్తిపీట కన్న ఎక్కువనా మామా ఇది? చూస్తే గింతంత లేదు."

"కత్తిపీట వంకాయను కోస్తది బిడ్డా. ఇది ఒంటిపందిని కొయ్యాలె. వంకాయ నీ మీదికి ఉరికొస్తదా?"

పక్కన గొంతుకూర్చున్న ఆమె భర్త పోశం నవ్వాడు. అనసూర్య నవ్వలేదు.

"బొగ్గు గనులు మనదిక్కేనాయె. బొగ్గుకు గింత ధరెందుకు మరి?"

"గనులు మనదిక్కే. బొగ్గు రైలెక్కి పోతది. మనకు దుమ్ము మిగుల్తది."

పోశం ఆ ములుకును ఆమె చేతిలోంచి తీసుకుని, బొటనవేలు అంచు మీద అడ్డంగా ఆనించి, మళ్ళీ రామచంద్రానికి ఇచ్చేశాడు. ఇచ్చేటప్పుడు కొంచెం ఆలస్యం చేశాడు. అది అనసూర్యకు కనిపించింది. అయినా కొంగు ముడి విప్పలేదు. "అంగడి నాటికి చెప్తం మామా," అని లేచింది.

ఇంటి దారిలో వాగు దాటాక పోశం అన్నాడు, "నాలుగు మంచియి ఉంటే చాలే."

"పోయిన వానకాలం మీ బాపు చేపిచ్చినయి ఎన్ని పోగొట్టినవ్? పొదల్ల పడ్డది ఒక్కటన్న తెచ్చినవా? మూడు వందలది పొదల పడితె పందిని ఇడ్సిపెట్టి దాన్నే దేవులాడ్తవ్ నువ్వు."

ఖరీదైన బాణం చేతిలో ఉంటే వేలు తీగను వదలదని, గురి తప్పుతుందేమో అనే భయంతోనే గురి తప్పుతుందని ఒకప్పుడు పోశమే చెప్పాడు.

వాళ్ళది అడవి అంచున రెండెకరాల మక్క చేను. కంకులు పాలు పోసుకుంటున్నాయి. నిరుడు ఇదే సమయానికి అడవిపందులు పడి చేనంతా నేలమట్టం చేశాయి. ఈ ఏడు కూడా చేను పోతే ఇక్కడ ఉండడానికి ఏమీ మిగలదు. ఆదిలాబాద్‌లో జిన్నింగ్ మిల్లులో హమాలీ చేసే అనసూర్య తమ్ముడు అంజి, మిల్లు వెనక రేకుల గది ఒకటి ఖాళీగా ఉందని రెండుసార్లు చెప్పాడు. చెప్పినప్పుడల్లా ఆమె మాట మార్చింది. చొప్పదండి నుంచి ఈ అడవి అంచుకు కోడలిగా వచ్చినప్పుడు ఏడ్చింది. ఇప్పుడు ఈ చేను వదిలి పొమ్మంటే ఏడుపు కూడా రాదు, ఊపిరే ఆడదు.

ఈసారి వస్తున్నది గుంపు నుంచి విడిపోయిన ఒంటి మగపంది. డబ్బా కొడితే బెదరదు, టార్చి వేస్తే కదలదు. అది తొక్కిన దారిలోనే తరువాత గుంపు వస్తుందని అందరికీ తెలుసు. తుపాకీ ఉన్న మనిషిని పట్నం నుంచి పిలిపిస్తానని సర్పంచ్ చెప్పి ఎండలు పోయి వానలు వచ్చాయి. కొందరు చేను చుట్టూ కరెంటు తీగ పెడతారు. పక్కింటి స్వరూప భర్త అంతయ్య తాను పెట్టిన తీగకే తగిలి చచ్చిపోయాడు. అప్పటి నుంచి తీగ మాట ఎత్తితే అనసూర్య అన్నం ముందు నుంచి లేచిపోతుంది. ఇక మిగిలింది గోడకు వేలాడుతున్న విల్లు. అది పోశం తండ్రి గంగయ్యది. ఫారెస్టు వాళ్ళకు తెలిస్తే కేసు అవుతుంది కనుక దాని గురించి ఇంట్లో కూడా గొంతు తగ్గించే మాట్లాడుకుంటారు.

అనసూర్య ఫోన్ చేసి ములుకుల సంగతి చెప్పింది కనుక, అంగడి రాకముందే అంజి వచ్చాడు. అంగీ జేబులోంచి ప్లాస్టిక్ డబ్బీ తీసి బావ ముందు పెట్టాడు.

"పట్టు బావా. డజను. తొమ్మిది వందలు. మా మిల్లుల కాటా పెట్టే అంబదాస్ లేడా, ఆయన కొడుకు స్టేడియంల బాణాలు నేర్చుకుంటుండు. వాని ఫోన్ల తెప్పిచ్చిన."

డబ్బీలో బొటనవేలంత ములుకులు వెండిలా మెరుస్తున్నాయి. ఒక్కోదానికి మూడు రెక్కలు, ప్రతి రెక్కకూ బ్లేడు లాంటి అంచు. వెనక గోరంత మర.

పోశం తల్లి బుచ్చవ్వ మంచం మీద నుంచి వంగి చూసింది. "ఇవేందిరా, ముక్కుపుల్లల లెక్కున్నయి? పందికి పెండ్లి చేస్తున్నరా?"

"నవ్వకు అవ్వా. గడ్డం గీస్కోవచ్చు వీటితోని."

"నాకేడిది గడ్డం? నీకన్న సక్కగ మొలిస్తే గీసుకుందువు."

పోశం నవ్వకుండా ఒకటి తీసి చూస్తున్నాడు. ఒక వెదురు కడ్డీ చివర దాన్ని తిప్పి బిగించి, పైన దారం గట్టిగా చుట్టాడు. ఊక నింపిన బస్తాను కొట్టం గుంజకు ఆనించి, వాకిలి ఆ చివరికి పోయి కొట్టాడు. బాణం బస్తాను దాటి గుంజలో దిగింది. పటకారు పెట్టి లాగితే గాని రాలేదు. అంచు ఎక్కడా మడత పడలేదు.

"చెడ్డగ లేదు," అన్నాడు. అతని నోట అది పెద్ద మెచ్చుకోలు.

"మామ చేసిన దానికన్న వాడిగ లేదా?" అంది అనసూర్య.

"వాడిగనే ఉన్నది. తేలికున్నది జర."

"తేలికుంటే దూరం పోతది. పన్నెండుంటే గుండె ధైర్యం. రెండు పొదల పడ్డా పరేషాన్ ఉండది."

పోశం ఆ ములుకును కాసేపు అటూ ఇటూ తిప్పాడు. "రామచంద్రం మామకు ఏం చెప్దాం?"

"కొడవండ్లు చేపిస్తం అని చెప్పు."

ఆ ఇంట్లో బాణాలు వేసేది మగవాళ్ళు. ములుకును కడ్డీకి అతికించేది మాత్రం ఆడవాళ్ళు. బుచ్చవ్వ చేతులు వణకడం మొదలయ్యాక ఆ పని అనసూర్యకు వచ్చింది. ములుకు తోకను నిప్పుల్లో పెట్టి, కాలాక లక్క పొడిలో దొర్లించి, వేడి మీదనే కడ్డీ రంధ్రంలో గుచ్చాలి. లక్క కరిగి, ఆరి, రాయిలా పట్టుకుంటుంది. అత్త నేర్పినట్టే ఎన్నోసార్లు చేసింది. కమ్మరి ములుకుకైతే వేలెడు తోక ఉంటుంది. తోక ఒక్కటే నిప్పుల్లో ఉండి, మొన బయట ఉండిపోతుంది. వీటికి గోరంత మర తప్ప పట్టుకోవడానికి ఏమీ లేదు. అందుకని పటకారుతో పట్టి ములుకునంతటినీ నిప్పుల్లో పెట్టింది.

వెండి రంగు మొదట పసుపుకు తిరిగింది. తరువాత వంగపండు రంగు. ఆ తరువాత నెమలి మెడలా నీలం.

"అత్తా, చూడు ఎంత మంచిగున్నదో రంగు."

"మెడల ఏసుకుంటవా ఏంది? కానియ్, నిప్పులు ఆరిపోతున్నయి."

తొమ్మిది అతికించేసరికి లక్క అయిపోయింది. రెండు డబ్బీలో ఉండిపోయాయి. పోశం దారంతో కట్టి చూసిన బాణం ఒకటి విడిగా ఉంది. ఆ మూడింటినీ అటక మీద పెట్టింది.

పంది తెల్లవారుజామున చేనులోంచి అడవికి తిరిగిపోయేటప్పుడు కంటపడింది. అనసూర్య చాయ్ డబ్బా పట్టుకుని గట్టు మీదికి వస్తోంది. పోశం గట్టు పక్కన ఒక మోకాలి మీద ఉన్నాడు. మక్కల వరసల మధ్య నుంచి నల్లటి వీపు ఒకటి తీరిగ్గా బయటికి వచ్చింది. మధ్యలో దూరం కూడా ఎక్కువ లేదు. ఇంత దగ్గరగా వస్తుందని ఇద్దరూ అనుకోలేదు.

బాణం దాని భుజానికి తగిలింది. తగిలిన చప్పుడు తలుపు మీద గుద్దినట్టు వినిపించింది. పంది గుండ్రంగా తిరిగింది, కడ్డీ పుటుక్కున విరిగింది. పోశం రెండోది కూడా వేశాడు. అది పక్కటెముకల మీద తగిలి, గోడకు కొట్టిన పుల్లలా కింద పడింది. పంది అరవకుండా అడవిలోకి పోయింది.

గడ్డిలో వాళ్ళకు విరిగిన కడ్డీ, దాని చివర ములుకు దొరికాయి. మూడు రెక్కలూ వాడిన తమలపాకుల్లా వెనక్కి ముడుచుకున్నాయి. ఆకుల మీద రక్తం ఉంది గాని చాలా తక్కువ.

"తోలుకాడనే ఆగింది," అన్నాడు పోశం. ములుకును ఆమె చేతిలో పెట్టాడు.

ఇంటికి వచ్చి ఆ మాట చెప్పగానే బుచ్చవ్వ మంచం దిగి, చెంబుతో నీళ్ళు తెచ్చి పొయ్యిలో పోసింది. తడి బూడిద వాసన ఇల్లంతా నిండింది. ఆ ఇంటి ఆచారం అది. బాణం తగిలిన జంతువు దొరకకుండా పోతే, అది దొరికే వరకు, లేదా చచ్చిందని తెలిసే వరకు, ఆ ఇంట్లో నిప్పు ముట్టించకూడదు. అది ఆకలితో నొప్పితో తిరుగుతుంటే మనం వేడన్నం తినకూడదని గంగయ్య చెప్పేవాడు. ఆయన కాలంలో ఏనాడూ ఒక్క పూటకు మించి పొయ్యి ఆరలేదు.

"సిలిండర్ మీద వండుకోవచ్చా అత్తా?" అని అనసూర్య మెల్లగా అడిగింది.

"మంట మంటనే. సిలిండర్ ముట్టిస్తే దేవుడు కండ్లు మూసుకుంటడా?"

పోశం అప్పటికే గొడ్డలి భుజాన వేసుకుని అడవి దారి పట్టాడు.

మొదట్లో స్వరూప రెండు పూటలా జొన్నరొట్టెలు, పప్పు పంపింది. పంపుతూ, "దొరుకుతది తీయ్ వదినా, ఫికర్ చెయ్యకు," అంది. రోజులు గడిచేకొద్దీ ఒక పూట వచ్చింది, ఇంకో పూట రాలేదు. మొగుడు పోయిన ఇల్లు అది. తన పిల్లలకే సరిపోదు. అనసూర్య అటుకులు తడిపి ముందు అత్తకు పెట్టి, మిగిలితే తాను తింది. పోశం పొద్దు పొడవకముందే పోయి చీకటి పడ్డాక వచ్చేవాడు. రక్తం మరక ఒకచోట దొరికిందని, వాగు దగ్గర పోయిందని, మళ్ళీ బురదలో అడుగు కనిపించిందని చెప్పేవాడు. కుంటుతోందట. ముందరి ఎడమ కాలు నేలకు సరిగ్గా ఆనించడం లేదట.

మంచె మీద కాపలాకు అనసూర్య ఒక్కతే మిగిలింది. నూనె డబ్బా మీద కర్రతో కొడుతూ కూర్చునేది. ఒంటిపంది తొక్కిన దారిలోనే గుంపు వచ్చింది. పెద్ద పందులు, వాటి వెనక చారల పిల్లలు. ఈ కొసన డబ్బా కొడితే ఆ కొసన కంకులు విరిగిన చప్పుడు. ఆ కొసకు ఉరికితే ఈ కొసన. ఒకసారి గట్టు మీద జారి పడి, మోకాలు చీరుకుని, అక్కడే కూర్చుని అవి తింటుంటే వింది. అవి తొందరపడలేదు.

"ఏమయ్యా, దాన్ని ఇడ్సిపెట్టు," అంది ఆ మరునాడు. "చేన్ల సగం పోయింది. నువ్వు అడవిల తిరుగుతుంటే ఇక్కడ నేనొక్కదాన్ని ఏం ఆపుత?"

"నా బాణం తాకింది దానికి."

"తాకితే? నీకోసం ఆగుతదా అది? దానికన్న మనం ముందు సచ్చేటట్టున్నం."

పోశం గొడ్డలి కింద పెట్టలేదు. "నాలుగు కొందామంటే ఇన్నవా?" అన్నాడు. ఆ ఒక్క మాటే. అని వెళ్ళిపోయాడు.

నల్లా దగ్గర కోమల అనే ఆమె బిందె నింపుకుంటూ, "అక్కా, మిగిలిన మూడు వందలు పెట్టి ఏం కొన్నవ్?" అని అడిగింది. నలుగురు నవ్వారు. అనసూర్య బిందె నిండకుండానే ఎత్తుకుని వచ్చేసింది.

ముసురు పట్టింది. బుచ్చవ్వ దగ్గుతో మంచం పట్టింది. గొంగడి మీద గొంగడి కప్పినా ఆమె పాదాలు రాళ్ళలా ఉన్నాయి. "జర ఏడి నీళ్ళు," అని నిద్రలో రెండుసార్లు అడిగింది. మెలకువలో అడగలేదు. అనసూర్య స్వరూప ఇంటి నుంచి తెచ్చిన వేడినీళ్ళు వాకిలి దాటేసరికి గోరువెచ్చనయ్యాయి, తాగించేసరికి అదీ లేదు.

ఆ సాయంత్రం అనసూర్య చేను నుంచి వచ్చేసరికి ఇంటి కప్పులోంచి పొగ లేస్తోంది. బుచ్చవ్వ పొయ్యి ముందు చతికిలబడి, తడి కట్టెలను ఊదుతోంది. గంజి ఉడుకుతోంది.

"అత్తా!"

"అరువకు. నేనే ముట్టిచ్చిన. నాకు సలిపెడ్తుంది. పాపం తగిల్తె నాకు తగల్నియ్, ఎట్లయినా పొయ్యేదాన్నే. నువ్వు కూడ జర తాగు పిల్లా. నీ మొఖం చూసుకున్నవా అద్దంల?"

అనసూర్య గిన్నె అందుకుంటుండగానే బయట అడుగుల చప్పుడు వినిపించింది. పోశం పరుగెత్తుకుంటూ వస్తున్నాడు. తడిసి ముద్దయ్యాడు, ఎద ఎగిసి పడుతోంది, పళ్ళు కనబడేలా నవ్వుతున్నాడు. ఎన్ని రోజులైంది ఆ ముఖం చూసి.

"దొరికిందా? యాడ? ఎవలు చూసిండ్రు? గుట్ట మీదికెల్లి పొగ చూసిన, ఒక్కటే ఉరుకుడు..."

బుచ్చవ్వ పొయ్యిలోకి చూస్తూ అంది, "దొర్కలే కొడుకా. నేనే ముట్టిచ్చిన."

పోశం నవ్వు వెంటనే పోలేదు. ఎక్కడికి పోవాలో తెలియనట్టు కాసేపు ముఖం మీద ఉండిపోయింది. తరువాత గడప మీద కూర్చున్నాడు. అనసూర్య ఇచ్చిన గంజి చేతిలోకి తీసుకుని, ఊదుకుంటూ, చివరి దాకా తాగాడు. మరునాడు అడవికి పోలేదు. ఆ తరువాత కూడా పోలేదు. ఎక్కడో ఆ జంతువు కుంటుతూనే ఉంటుంది.

వాన తెరిపి ఇచ్చాక అనసూర్య మిగిలిన బాణాలు ముందేసుకుంది. ములుకులు ఊడదీసి డబ్బీలో పెట్టి అంజికి తిరిగి ఇస్తే, అంబదాస్ కొడుకు ఎంతో కొంత ఇచ్చి తీసుకుంటాడేమో అనుకుంది. ఒకదాన్ని ఊడదీద్దామని నూరుడు రాయికి ఆనించి అటూ ఇటూ ఒత్తింది. రెక్క కొబ్బరి మట్టలా వంగింది. ఇంకోటి ఒత్తింది, అదీ వంగింది. చౌక సరుకు అనుకుంటూ అటక మీది డబ్బీ దించి, అందులోంచి ఒకటి తీసి అలాగే ఒత్తింది.

వంగలేదు.

ఇంకా గట్టిగా ఒత్తింది. రాయి మీద గీత పడింది గాని రెక్క వంగలేదు. పోశం దారంతో కట్టి గుంజలోకి కొట్టిన దాన్ని తీసింది. అదీ వంగలేదు. తెల్లగా ఉన్నవి ఏవీ వంగలేదు. నీలంగా ఉన్నవన్నీ వంగాయి.

నీలందాన్ని, తెల్లదాన్ని రాయి మీద పక్కపక్కన పెట్టి చూసింది. పటకారు, నిప్పులు, నెమలి మెడ రంగు. ధర ఎక్కువదా తక్కువదా అని కొలిమి దగ్గర, దారిలో, నల్లా దగ్గర అంత మాట్లాడుకున్నారు. ధరకు దీంతో ఏ సంబంధమూ లేదు. బాగున్నవాటిని తానే పొయ్యిలో పెట్టి మెత్తగా చేసింది.

అయినా ఆ క్షణంలో ఆమెకు కలిగింది బాధ కాదు, ఆశ. ఇంకా మూడున్నాయి. నిప్పులో పెట్టకుండా, దుకాణంలో దొరికే జిగురుతో అతికించవచ్చు. మూడు ములుకులు కొంగులో వేసుకుని, పక్కన నీలం ములుకు ఒకటి పెట్టుకుని చేనుకు పరుగు తీసింది.

పోశం గట్టు మీద కూర్చుని ఉన్నాడు. ఆమె ఊపిరి తిప్పుకోకుండా చెప్పింది.

"ఏమయ్యా, గివి చూడు. నిప్పుల పెట్టంది వంగుతలేదు. పెట్టింది వంగుతుంది. నేనే కాల్చి కరాబ్ చేసిన, సరుకు కరాబ్ కాదు. ఇంక మూడున్నయి. జిగురుతోని పెడ్త. నువ్వు కూసుంటే చాలు, పెద్దది ఒక్కటి పడ్డదంటే గుంపు మళ్ళ రాదు."

పోశం తెల్ల ములుకును తీసుకుని, గట్టు మీది రాయికి ఆనించి, బరువంతా వేసి ఒత్తాడు. నీలందాన్ని రెండు వేళ్ళతో వంచి చూశాడు. కోపం రాలేదు. కోపం వస్తే బాగుండునని ఆమెకు అనిపించింది.

"మంచిగనే ఉన్నది," అన్నాడు.

తరువాత తల ఎత్తి చేను వైపు చూశాడు. ఆమె కూడా అప్పుడే సరిగ్గా చూసింది. రోజూ వస్తూనే ఉన్నా, రోజూ కొంచెం పోతుంటే మొత్తం పోయిందని తెలియలేదు. నిలబడిన కర్రలు అక్కడక్కడా ఉన్నాయి, కంకులు లేవు. మిగతాదంతా బురదలో తొక్కిన చొప్ప.

"ఇగ దేన్ని కాపాడుదామని అనసూర్యా?"

ఆమె కొంగులో ములుకులు గుచ్చుకుంటుంటే అలాగే పట్టుకుని నిలబడింది.

"స్వరూపను పిలిచిన," అన్నాడు పోశం. "సొప్పన్న ఆవులకు పనికొస్తదని. ఇన్ని దినాలు రొట్టెలు పెట్టింది." కాసేపు ఆగి, "అంజికి ఫోన్ చెయ్. గా గది ఇంక ఉన్నదో లేదో అడుగు," అన్నాడు.

గట్టు అవతల స్వరూప తన రెండు ఆవులతో నిలబడి ఉంది. లోపలికి రావాలంటే మొహమాటపడుతూ, చేను వైపు చూడకుండా, తాడు చేతికి చుట్టుకుంటోంది. పోశం లేచి, చేను చుట్టూ ఎండాకాలమంతా కష్టపడి నాటిన ముళ్ళకంప దగ్గరికి పోయాడు. ఒక కొస పట్టుకున్నాడు.

"ఆ కొస నువ్వు పట్టు. జర పైలం, ముండ్లు."

ఆమె ములుకులు గట్టు మీద పెట్టి రెండో కొస పట్టుకుంది. ఇద్దరూ కలిసి కంపను పక్కకు లాగారు. ముందున్న ఆవు ఆ సందులో తల పెట్టి, నేలను వాసన చూసి, వెంటనే లోపలికి రాకుండా అక్కడే కాసేపు నిలబడింది.